మణికట్టు చాలన్నప్పుడు

మేస్త్రికి రాని పనంటూ ఉంటే అది కూర్చోవడం. అన్నం ముందు కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. రేడియో పెడితే పాట సగంలో ఉండగానే లేచి షెడ్డులోకి వెళ్ళిపోతాడు. అక్కడ పనేమీ లేకపోయినా ఏదో ఒక మూత విప్పి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టేస్తాడు. "కాలుగాలిన పిల్లికైనా కాసేపు నిద్ర పడుతుంది బావా, నీకేమొచ్చింది?" అని పెళ్ళాం అడిగితే, "పిల్లికి కార్లు లేవు కదే" అంటాడు. ఆ మాట అక్షరాలా నిజం. ఆయన కుదురు ఎక్కడ పోయిందో వెతకడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, ఇంటి ముందున్న రేకుల షెడ్డు తలుపు తీస్తే చాలు.

ఆ షెడ్డుకి వచ్చేవన్నీ పాత కార్లే. పాతవంటే నిన్నమొన్నటివి కావు, వాటిని కన్న కంపెనీలే కాలం చేసినవి. సామాను దొరకదు. దొరికితే సరిపోదు. సరిపోయిందంటే అది ముందున్నదానికంటే అరిగిపోయినదై ఉంటుంది. రేడియేటరు బాగుచేసి పంపితే వారం తిరక్కుండా పంపు ఏడుస్తుంది. పంపు మారిస్తే, ఇన్నాళ్ళూ బుద్ధిగా పడి ఉన్న గొట్టం అలుగుతుంది. తుప్పు పట్టిన బోల్టు పొద్దుటి నుంచి నూనె తాగుతూ, సుత్తి దెబ్బలు తింటూ మొండికేస్తుంది. చివరికి కదిలిందని సంబరపడేలోపు దాని తల ఊడి చేతికొస్తుంది. ఇక చేజారిన నట్టు సంగతి చెప్పనే వద్దు. నేల మీద పడిన చప్పుడు వినిపించలేదంటే, ఇంజనుకీ గేరుపెట్టెకీ మధ్య ఏ సందులోనో కూర్చుని నవ్వుకుంటోందని అర్థం. అప్పుడు మేస్త్రి తిట్టే తిట్లు వింటే, దేవుడు కార్లకు చెవులు పెట్టకపోవడం ఎంత మేలో తెలిసొస్తుంది. "నిన్ను తూకానికి అమ్మేస్తా చూడు" అని బెదిరించని కారు లేదు. అలా అమ్మినదీ ఒక్కటి లేదు.

అమ్మలేడు. అన్నీ విప్పి, కడిగి, అట్టముక్క కత్తిరించి వాషరు చేసి, ఏ చచ్చిన బండిలోంచో పీకిన ముక్కను ఆకురాయితో రుద్ది రుద్ది అమర్చాక తాళం తిప్పుతాడు. ఆ ముసలి ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, మెల్లగా అందుకుందనుకోండి, మేస్త్రి మొహం అప్పుడు చూడాలి. పక్కన ఎవరూ లేరని తెలిసీ చుట్టూ ఒకసారి చూస్తాడు, ఎవరైనా విన్నారేమోనని.

ఈ విద్య ఆయనకు మేనమామ పెట్టిన భిక్ష. విద్యతో పాటు కూతుర్నీ ఇచ్చాడు. రెంటిలో ఏది తనను ఎక్కువ సతాయించిందో మేస్త్రి ఇప్పటికీ తేల్చుకోలేదు. మామ నేర్పిన మొదటి పాఠం బిగింపు. "ఒరే, బోల్టు బిగించేటప్పుడు మణికట్టు నీతో మాట్లాడుతుందిరా. అది చాలన్నప్పుడు ఆగు. చాలన్నాక తిప్పావా, తెగుతుంది. అనకముందే ఆగావా, దారిలో ఊడుతుంది. ఊడితే పోయేది బోల్టు కాదు, మనుషులు" అనేవాడు. బిగింపు ఎంతుందో కొలిచి చూపించే స్పానర్లు బజార్లో ఉన్నాయి. మేస్త్రి వాటిని జ్వరం చూసే గొట్టాలంటాడు. స్పానరు పిడికి ఇనప పైపు తొడిగి, బారు పెంచుకుని, ఒళ్ళంతా వేసి లాగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను మెకానిక్కులనే అనడు, పోయి కుళాయిలు బిగించుకోమంటాడు. తన మణికట్టుకు కొలతా వద్దు, పైపూ వద్దు. ఊళ్ళో పాత కార్లెక్కి కొండదారి మలుపులు తిరిగేవాళ్ళంతా, తెలిసో తెలియకో, ఆ మణికట్టు మాట మీద ప్రాణాలు పెట్టినవాళ్ళే.

మామ నేర్పిన రెండోది గీత. బోల్టు బిగించడం అయ్యాక, తెల్లరంగులో ముంచిన పుల్లతో దాని తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత లాగాలి. తర్వాతెప్పుడు చూసినా గీత తిన్నగా ఉంటే బోల్టు కదల్లేదన్నమాట. విరిగి రెండు ముక్కలైతే కదిలిందన్నమాట. చక్రాల దగ్గరా బ్రేకుల దగ్గరా ఆ గీత పడకుండా ఏ బండీ షెడ్డు దాటదు.

ఆ రోజు పొద్దున్నే దర్జీ తన కారు తెచ్చి వదిలాడు. మీగడ రంగు కారు, వయసులో దర్జీ కంటే పెద్దది. ముందు చక్రం దగ్గర ఏదో కీచుమంటోందని, మర్నాడు కూతుర్నీ మనవరాల్నీ కొండ అవతల అత్తారింట్లో దింపాలని చెప్పి వెళ్ళాడు. మేస్త్రి చక్రం విప్పాడు. కీచుమంటున్నది ఒక రేకు. ఒక్క దెబ్బ వేసి వంచాడు. అంతటితో చక్రం ఎక్కించేసేవాడే, కానీ చూపు కాలిపర్ మీద పడింది. కాలిపరంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రంతో పాటు తిరిగే పళ్ళేన్ని పిడికిట్లో పట్టి ఆపేది. అది ఊడిపోకుండా రెండు లావు బోల్టులు పట్టి ఉంచుతాయి. ఆ రెండింటి మీదా ఆయన గీసిన గీతలు విరిగి ఉన్నాయి.

వదులయ్యాయా? మొహం దగ్గరగా పెట్టి చూశాడు. వదులైతే గీత గడియారం ముల్లుకు ఎదురుగా జరగాలి. ఇది ముల్లు తిరిగే వైపుకే జరిగింది. అంటే ఊడటం కాదు, ఎవరో ఇంకా బిగించారు. తను బిగించి, ఇది చాలని గీత గీసి పంపిన బోల్టును, చాలదని ఎవడో మళ్ళీ తిప్పాడు.

భయం పోయింది గానీ, అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడే వాడు?" అని షెడ్డులోంచే అరిచాడు.

"ఎవడు?" అంది పెళ్ళాం లోపల్నుంచి.

"నా బిగింపుకి వంక పెట్టినవాడు!"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రి దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. చేతులైనా తుడుచుకోకుండా దర్జీ కొట్టుకి పరుగెత్తాడు.

దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక కోటుకు చేతులు అతుకుతున్నాడు.

"నా చేతికింది బండిని ఎవడికి చూపించావు?"

దర్జీ సూదులున్న నోటితో ఊఁ అన్నాడో ఊహూఁ అన్నాడో తెలియలేదు.

"సూదులు తీసి మాట్లాడు."

దర్జీ ఒక్కో సూదీ తీసి దిండుకు గుచ్చాడు. అంత తాపీగా సూదులు తీసే దర్జీని మేస్త్రి పుట్టాక చూడలేదు. "నేనెవరికి చూపిస్తాను మేస్త్రీ? ముప్ఫై ఏళ్ళుగా నీ గడపే కదా తొక్కుతున్నాను. బండి బాగానే నడుస్తోందిగా, వదిలెయ్" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వీడి వాలకం, అనుకున్నాడు మేస్త్రి. ఇంకేం, బండి మీద చెయ్యేసిన ఆ రెండోవాడెవడో తెలిసిపోయింది. నాలుగు రోడ్ల దగ్గర అద్దాల గ్యారేజీ ఒకటుంది. దాని యజమాని ఇస్త్రీ చొక్కా నలక్కుండా కార్లు బాగుచేస్తాడు. కారుకు ఒక తీగ తగిలించి, దాని రోగమేమిటో కంప్యూటర్ని అడుగుతాడు. మేస్త్రి అతనికి తీగల డాక్టరని పేరు పెట్టాడు. మొహం మీద కూడా అలాగే పిలుస్తాడు.

"ఏమయ్యా తీగల డాక్టరూ, నా బండ్ల మీద చెయ్యేస్తున్నావట?"

"రండి బాబాయ్, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు." ఆయన ఎక్కడికీ కూర్చోడానికి వెళ్ళడు.

అతను విషయమంతా విన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది, మేస్త్రికి తిట్టడానికి వీలుండేది. గోడకు వరసగా వేలాడుతున్న స్పానర్ల దగ్గరికి తీసుకెళ్ళి, "ఇవన్నీ మిల్లీమీటర్లవి బాబాయ్. దర్జీగారి బండిలో ఉన్నవి అంగుళాల సైజులు. మొన్నొకసారి నా గుమ్మం ముందే ఆగిపోతే తోసి పంపించానే గానీ ముట్టుకోలేదు. ముట్టుకోడానికి ఆ స్పానరే లేదు నా దగ్గర. ఆ సైజులు ఊరంతటికీ ఉన్నది ఒక్క మీ ఇంట్లోనే కదా?" అన్నాడు.

"మరి? మా మామ కూడబెట్టినవి అవి!" అన్నాడు మేస్త్రి, ఛాతీ విరుచుకుని.

అనేశాక, అన్న మాట తన చెవిలోనే పడింది.

వెళ్ళేటప్పుడు కాళ్ళు నేలకు ఆనలేదు, వచ్చేటప్పుడు నేల వదల్లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఇంటికొచ్చి సామాను పెట్టె తెరిచాడు. ఆ పెద్ద స్పానరు దాని చోటులో అది ఉంది, శుభ్రంగా తుడిచి. బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. పిడి చివర చుట్టూతా కొత్త గీరలు. పైపు తొడిగితే పడే గీరలు.

పెళ్ళాం మిషను ముందు కూర్చుని చిరిగిన సీటు కవరుకు అతుకు వేస్తోంది. షెడ్డుకొచ్చే కార్ల సీట్లన్నీ ఆవిడే కుడుతుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

ఏమిటని కూడా అడగలేదు ఆవిడ. "కిందటి వానాకాలం నుంచి" అంది. మిషను ఆపింది. "కొండ మలుపులో దర్జీ అన్నయ్య బండి కటకటలాడిందట. దిగి చూస్తే, ఇప్పుడు నువ్వు విప్పింది కాదు, అవతలి ముందు చక్రం దగ్గర ఒక బోల్టు లేదు. రెండోదాన్ని వేళ్ళతో తిప్పితే తిరుగుతోంది. నీకు చెప్పడానికి నోరు రాక, నడుచుకుంటూ వచ్చి నాకు చెప్పాడు. షెడ్డులోంచి ఒక బోల్టు తీసుకెళ్ళి రెండూ బిగించొచ్చాను."

"మరలు అరిగిపోయి ఉంటాయి. పాత బోల్టు."

"నేనూ అలాగే అనుకున్నాను. అందుకే మిగతావీ చూశా."

"ఏవి?"

"అన్నీ."

మేస్త్రి కూర్చోబోయాడు. కూర్చోలేక గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. "బండ్లవాళ్ళందరికీ తెలుసా?"

"ఇద్దరు ముగ్గురికి. మిగతావాళ్ళ దగ్గర సీట్ల కొలతలు తీసుకుంటానని తాళాలు అడిగేదాన్ని. సంచిలో టేపుతో పాటు స్పానరూ పైపూ." ఆ మాట చెబుతుంటే ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా దొర్లింది. వెంటనే దాన్ని మింగేసింది. "సీసా మూతలు రావట్లేదని మూతల్ని తిడుతున్నావు చూడు, అప్పట్నుంచే బావా."

"నా చెయ్యి నాకు తెలీదా? ఒక్క బోల్టు దగ్గరైనా ముందు ఆగానా? చాలన్నప్పుడే ఆగాను, ప్రతిసారీ!"

"అది చాలంటూనే ఉంది. నువ్వు ఆగుతూనే ఉన్నావు. ఇప్పుడది ముందే అనేస్తోంది, అంతే."

ఓడిపోతున్నప్పుడు ఎవరైనా చేసే పనే మేస్త్రీ చేశాడు, ఇంకో తప్పు వెతికాడు. "గీతలెందుకు తుడవలేదు మరి? తుడిచి కొత్తవి గీసేస్తే ఈ జన్మకు తెలిసేది కాదుగా నాకు."

"తుడవడానికి చెయ్యి రాలేదు. మా నాన్న గీతలవి." కవరు మీది దారప్పోగులు ఏరుతూ ఉండిపోయింది. "నోటితో చెప్పే ధైర్యం నాకెలాగూ లేదు. ఎప్పటికో నువ్వే చూస్తావులే అనుకున్నా."

మేస్త్రి చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాడు.

ఆ సాయంత్రం ఊళ్ళో తను బాగుచేసిన బండి ఎక్కడ కనిపిస్తే అక్కడ దాని కిందికి దూరాడు. బేకరీ వ్యాను కిందికి దూరాడు. కళ్ళజోళ్ళ కొట్టాయన కారు కింద, నడిరోడ్డు మీద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూశాడు. పోయేవాళ్ళు ఆగి, "ఏం పోగొట్టుకున్నావు మేస్త్రీ?" అని అడిగారు. "నట్టు" అన్నాడు. "దొరికిందా?" అంటే, "దొరుకుతూనే ఉన్నాయి" అన్నాడు. ప్రతి గీతా విరిగే ఉంది. ఒక్కొక్కటి గోరంతే. కొన్ని మాత్రం వేలి వెడల్పంత. రిటైరైన హెడ్మాస్టరు కారు కిందనుంచి లేచి, మోకాళ్ళు దులుపుకుంటూ అద్దంలోంచి లోపలికి చూశాడు. వెనక సీటు మీద చిన్నపిల్లల చెప్పుల జత ఒకటి పడి ఉంది. ఆ చెప్పుల వంక చూడలేకపోయాడు. ఏడాదిగా తను మనుషుల్ని చంపే పని చేస్తున్నాడు, పెళ్ళాం వెనకాలే తిరుగుతూ బతికిస్తోంది. ఇంతకంటే తిన్నగా ఆ సంగతి చెప్పడానికి వీల్లేదు.

అయినా ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించలేదు. ముందొచ్చింది సిగ్గు, అదీ కోపం వేషం వేసుకుని వచ్చింది. నా చాటున, నా స్పానరుతో, నేను తిట్టే ఆ పైపుతో! ఇంటికొచ్చి ఆవిడ పెట్టింది తిన్నాడు, నిలబడే తిన్నాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి, దర్జీ కారు రెండు ముందు చక్రాలూ పీకి, కాలిపర్ల బోల్టులు నాలుగూ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున్న తనే బిగిస్తాడు. ఎవరి సాయం అక్కర్లేదు. తేలిపోతుంది.

తెల్లవారాక దర్జీ వచ్చేసరికి కారు జాకీల మీద, చక్రాల్లేకుండా ఉంది. వెంట కూతురు, ఆమె చంకలో నిద్రమొహంతో పసిపిల్ల, చేతుల్లో సంచులు.

"రేకు ఒక్కటే అన్నావు కదా మేస్త్రీ?" అన్నాడు దర్జీ.

"నిలబడు. అయిపోతుంది."

మేస్త్రి కింద కూర్చుని స్పానరు అందుకున్నాడు. ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు. పళ్ళు బిగబట్టాడు, మెడ నరాలు పొంగాయి. ఎడమ చక్రం వైపు రెండు, కుడి వైపు రెండు. ప్రతిదాని దగ్గరా మణికట్టు చాలంది. అదే గొంతు. నలభై ఏళ్ళుగా వింటున్న గొంతు. రవ్వంతైనా తేడా లేదు. తేడా ఉంటే బాగుండేది, వణికినా, నొప్పెట్టినా పట్టుకునేవాడు. అబద్ధమాడుతున్న చెయ్యి నిజం చెప్పినప్పటిలాగే మాట్లాడుతుంటే మనిషి దేన్ని నమ్మాలి?

రంగులో ముంచిన పుల్ల పైకి తీశాడు. గీత గీస్తే అయిపోయినట్టే. చక్రాలెక్కించి తాళం చేతిలో పెట్టేయడమే. దర్జీ, మేస్త్రి ఇంటి గుమ్మం వైపు ఒకసారి చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నాడు. గుమ్మంలో పెళ్ళాం నిలబడి ఉంది. ఆవిడ కదల్లేదు. పిలిస్తే తప్ప రానన్నట్టు, తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. పసిపిల్ల నిద్ర తెలిసి, మేస్త్రి చేతిలోని తెల్లపుల్లను చూసి చెయ్యి చాపింది.

మేస్త్రి పుల్లను డబ్బాలో పడేశాడు.

"ఏమే," అన్నాడు. మళ్ళీ గట్టిగా అన్నాడు, వీధిలోకి వినబడేంత. "ఏమేవ్! పైపు పట్టుకురా."

ఆవిడ వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఎడమ చక్రం దగ్గర కూర్చుంది. స్పానరుకు పైపు తొడిగి, ఒక కాలు దన్ను పెట్టి లాగింది. మొదటి బోల్టు తిరిగింది, పావు చుట్టు. రెండోది అంతకంటే ఎక్కువే తిరిగింది. దర్జీ మనవరాలి టోపీ సర్దాడు, సరిగ్గా ఉన్న టోపీనే. కూతురు ఒకసారి బోల్టులనూ ఒకసారి మేస్త్రినీ చూసి, పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. మేస్త్రి అదీ చూశాడు. తల దించుకోలేదు.

ఆవిడ లేచి కుడి వైపుకు వెళ్ళింది. మూడోదానికి స్పానరు పట్టించి లాగింది. కదల్లేదు.

"ఇది బిగువుగానే ఉంది బావా. గట్టిగానే బిగించావు" అంది, అందరికీ వినబడేలా.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణమే. పనిలో ఉన్న మనిషి ఒళ్ళు ఎలా కదులుతుందో ఆయనకు తెలుసు, అందులోనూ ఈ మనిషి ఒళ్ళు. మొదటి రెండింటికీ ఆవిడ మడమ నేల మీంచి లేచింది. దీనికి లేవలేదు.

"నాటకాలొద్దు" అన్నాడు మెల్లగా. "లాగు."

ఆవిడ తలెత్తి చూసింది. ఆవిడ కళ్ళు నిండి ఉన్నాయి.

"లాగవే. పసిపిల్ల ఎక్కే బండి."

లాగింది. అదీ తిరిగింది.

మేస్త్రి నేల మీంచి లేచి, ఆవిడ నాలుగోదాని దగ్గరికి వెళ్ళడానికి దారిచ్చాడు.